తాతయ్య వీలునామా ఇంగ్లీషులో ఉంది, ఎలా చదివి చెప్పాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా తాతయ్యకి ఎనభై దాటాయి. కాశీనగర్ దగ్గర వంశధార పక్కన కొంత పొలం, ఊళ్లో మేముంటున్న ఇల్లు, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఒక ఇంటిస్థలం, బ్యాంకులో కొంత డిపాజిట్ ఉన్నాయి. ఆయన వీలునామా రాయించుకుందామని బరంపురంలో వకీలు గారిని కలిస్తే ఇంగ్లీషులో డ్రాఫ్టు పంపారు. తాతయ్య ఒడియా మాట్లాడతారు గానీ చదవడం తెలుగే వచ్చు. నేను స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి నన్నే చదివి వివరించమన్నారు. చూస్తే డివైజ్, బిక్వీద్, ఇష్యూ, పర్ స్టర్పీజ్, రెసిడ్యూ... సగం మాటలు నాకే తెలియలేదు. మా నాన్నగారు లేరు. ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మ, నేను, తమ్ముడు ఉంటాం. బాబాయి వేరే ఉంటారు, అత్తని టెక్కలిలో ఇచ్చారు. డ్రాఫ్టులో పొలం బాబాయికి, స్థలం అత్తకి, ఇల్లు నాయనమ్మకి జీవితాంతం, ఆమె తర్వాత మాకూ అని ఉన్నట్టు అర్థమైంది. బ్యాంకు డిపాజిట్‌కి నామినీ బాబాయి. వీలునామా ఎందుకు, గిఫ్ట్ డీడ్ చేసేయమని బాబాయి అంటున్నారు. ప్రొబేట్ లేకపోతే వీలునామా చెల్లదని భువనేశ్వర్‌లో తెలిసినాయన ఒకరు భయపెట్టారు. ఒక్క మాట తప్పు చెప్పినా రేపు నా మీదకి వస్తుందని టెన్షన్‌గా ఉంది. అలాగే ఇన్హెరిట్, లీవ్, లెగసీ లాంటి మాటలు ఎప్పుడేది వాడాలో కూడా చెప్పండి.

సమాధానం:

అమ్మా, నువ్వు అడిగిన మాటల దగ్గరకు వెళ్లేముందు ఒక సంగతి చెప్పాలి. తాతయ్య, నాయనమ్మల తర్వాత ఇల్లు వచ్చేది నీకూ తమ్ముడికీ. ఆ వీలునామాను తాతయ్యకు చదివి వినిపించబోయేదీ నువ్వే. ఇది మాత్రం వద్దు. మాటలన్నీ నేర్చుకో, ఇంట్లో కూర్చుని ఆయనకు ఎంత విడమరచి చెప్పినా మంచిదే. సంతకం పెట్టే రోజున మాత్రం, సాక్షుల ఎదుట, ఆ ఆస్తిలో పైసా రాని మనిషి ఎవరైనా తెలుగులో మొత్తం చదివి వినిపించాలి. అలా చదివి వినిపించినట్టు కాగితం చివర రాసి, చదివినాయన కూడా సంతకం పెట్టాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, వీలునామా మీద తగాదా వస్తే కోర్టు ముందు చూసేది రాసిన మనిషికి అందులో ఏముందో తెలుసా లేదా అన్నదే. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాలనే ఇప్పటికీ కింది కోర్టులు పాటిస్తున్నాయి. వీలునామా వల్ల బాగా లాభపడేవాళ్లే దాన్ని తయారు చేయించడంలో ముందుండి తిరిగితే అది ‘సస్పీషస్ సర్కమ్‌స్టాన్స్’, అంటే అనుమానానికి తావిచ్చే సంగతి. ఆ అనుమానం తీర్చాల్సిన బాధ్యత వీలునామాను కోర్టు ముందు పెట్టినవాళ్లది. వాళ్లని ఇంగ్లీషులో ‘ప్రొపౌండర్’ అంటారు. రేపు ఆ స్థానంలో నిలబడాల్సి వచ్చేది నువ్వో నీ తమ్ముడో.

ఇంకొకటి. వీలునామా ఇంగ్లీషులోనే ఉండాలని ఏ చట్టమూ అనలేదు. తాతయ్యకు వచ్చిన తెలుగులోనే రాయించుకోవచ్చు. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడమే మంచిది. అక్కడ ఒక చిన్న చిక్కుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, దస్తావేజు భాష రిజిస్ట్రారుకు రాకపోయి, ఆ జిల్లాలో మామూలుగా వాడే భాష కూడా కాకపోతే, వాడుకలో ఉన్న భాషలోకి సరైన అనువాదం, ఒక నకలు జతచేయాలి. పర్లాకిమిడిలో వీధివీధినా తెలుగు వినిపిస్తుంది, నిజమే. కానీ ఆఫీసులో ఉన్న అధికారిది ఏ కటకో, బాలాసోరో కావచ్చు. అందుకని వీలునామా తెలుగులో రాయించి, ఒడియా అనువాదం కూడా సిద్ధం చేసుకోమని వకీలు గారిని అడగండి. ఇంగ్లీషు డ్రాఫ్టు ఆయన ఫైల్లో ఉంటే ఉండనీ. తాతయ్య సంతకం ఆయన స్వయంగా చదవగలిగిన కాగితం మీద పడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక మాటలు. ‘ఐ గివ్, డివైజ్ అండ్ బిక్వీద్’ అని మూడు క్రియలు వరసగా చూసి కంగారుపడి ఉంటావు. మూడూ చేసే పని ఒక్కటే: నా తదనంతరం ఫలానావారికి ఫలానాది చెందాలి అని చెప్పడం. ఈ ‘డివైజ్’ ఎస్ అక్షరంతో రాసేది. ఫోన్‌నీ టాబ్‌నీ అనే ‘డివైస్’ సీ అక్షరంతో రాసేది. ఇంగ్లండులో 1540లో చట్టం వచ్చేదాకా భూమిని వీలునామాతో ఇవ్వడానికి సాధారణంగా వీలుండేది కాదు. ఆ తర్వాత అక్కడి లాయర్ల వాడుకలో పొలం, ఇల్లు అయితే డివైజ్ అనీ, నగలు, డబ్బు, సామాను అయితే బిక్వీద్ అనీ స్థిరపడింది. మన 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ ఈ తేడాను పట్టించుకోదు. ఇల్లయినా రొక్కమయినా అందులో బిక్వీద్ అనే కనిపిస్తుంది. కాబట్టి తాతయ్యకు ఆ మూడు క్రియలకూ మూడు వేర్వేరు అర్థాలు వెతికి చెప్పనక్కర్లేదు.

మరి మూడెందుకు రాస్తారంటే, అదొక పాత అలవాటు. ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు 1066లో ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లో లాటిన్, ఫ్రెంచి నడిచాయి, జనంలో ఇంగ్లీషు నడిచింది. ఏ మాట వదిలేస్తే ఏం చిక్కు వస్తుందోనని అన్నీ పక్కపక్కన పెట్టి రాయడం పాతుకుపోయింది. ‘విల్’ అచ్చ ఇంగ్లీషు, ‘టెస్టమెంట్’ లాటిన్ నుంచి వచ్చింది. ‘లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’ అని ఎంత గంభీరంగా రాసినా అది ఒక్క కాగితమే. మన దస్తావేజుల్లోనూ ‘దాన విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా’ అని రాయడం తాతయ్యకు కొత్త కాదు. ఇంగ్లీషులో ‘అబ్సల్యూట్లీ’ అన్న మాట ఎక్కడ కనిపించినా ఆయనకు ఈ తెలుగు వాక్యం చెప్పు, వెంటనే అర్థమవుతుంది. అది ఉన్నచోట పుచ్చుకున్నవారు అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, మళ్లీ ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. పొలం, స్థలం ఇచ్చే చోట ఆ మాట ఉందో లేదో చూడు.

రాసే మనిషి ‘టెస్టేటర్’. రాసి ఇచ్చినది ‘బిక్వెస్ట్’ లేదా ‘లెగసీ’. పుచ్చుకునేవారు ‘లెగటీ’. వారసుడు అనే అర్థంలో ‘ఎయిర్’ వేరే. పలికేటప్పుడు అందులో హెచ్ వినపడదు. తాతయ్య రాస్తే పక్కింటాయనైనా లెగటీ కావచ్చు, ఎయిర్ అయ్యేది మాత్రం చట్టం వల్ల. వీలునామా లేకుండా పోయినవారిని ‘ఇంటెస్టేట్’ అంటారు. అప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పంపకం జరుగుతుంది. మీ ఇంట్లో అయితే నాయనమ్మకు ఒక వాటా, బాబాయికి ఒకటి, అత్తకు ఒకటి, మీ నాన్నగారి పేర ఒకటి వస్తాయి. ఆ నాలుగో వాటాను మీ అమ్మ, నువ్వు, తమ్ముడు సమానంగా పంచుకుంటారు. ఇది గుర్తుపెట్టుకో, ఇప్పుడే దీంతో పని పడుతుంది.

నువ్వు రాసినదాన్ని బట్టి డ్రాఫ్టులో ఇంటి గురించి ఇలా ఉండి ఉంటుంది: ‘టు మై వైఫ్ ఫర్ హర్ లైఫ్ అండ్ దేరాఫ్టర్ టు ది ఇష్యూ ఆఫ్ మై ప్రీడిసీస్డ్ సన్’. మొత్తం కాగితంలో నెమ్మదిగా చదవాల్సిన వాక్యం ఇదే.

‘ప్రీడిసీస్డ్ సన్’ అంటే తనకన్నా ముందే కాలం చేసిన కొడుకు. ‘ఇష్యూ’ అంటే ఇక్కడ సమస్య, గొడవ కాదు, సంతానం. చట్టం భాషలో పిల్లలు, వాళ్ల పిల్లలు, ఆ కింది తరాలు అన్నీ వస్తాయి. పాత కాగితాల్లో ‘డైడ్ ఇష్యూలెస్’ అని కనిపిస్తే సంతానం లేకుండా పోయారని. ఇప్పుడు పైన చెప్పిన లెక్కతో పోల్చి చూడు. వీలునామా లేకపోతే మీ అమ్మకు వాటా వచ్చేది. ఇష్యూ అన్న మాటలో మీ అమ్మ లేదు. కోడలు సంతానం కాదు కదా. తాతయ్య కావాలనే అలా రాయించారా, లేక వకీలు గారు మామూలుగా వాడే ఫారం నుంచి ఆ మాట అలా వచ్చేసిందా అన్నది ఆయన్నే అడగాలి. నువ్వు అడిగితే అమ్మ తరఫున అడిగినట్టు ఉంటుందని మొహమాటపడకు. వకీలు గారి ఎదుట, బాబాయి కూడా ఉన్నప్పుడు, ‘ఈ మాట వల్ల కోడలికి హక్కు రాదు, మీ ఉద్దేశం అదేనా?’ అని వకీలు గారి చేతే అడిగించు. తాతయ్య ఏం చెబితే అదే రాయించండి. ఏదైనా సరే ‘ఇష్యూ’ తీసేసి పేర్లు రాయించడం మేలు. పేరు, తండ్రి పేరు, ఆధార్‌లో ఉన్నట్టుగా.

‘ఫర్ హర్ లైఫ్’ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. దీన్నే ‘లైఫ్ ఎస్టేట్’ లేదా ‘లైఫ్ ఇంటరెస్ట్’ అంటారు. మన దస్తావేజుల్లో ‘యావజ్జీవం అనుభవించి, తదనంతరం’ అని ఉంటుందే, అది. నాయనమ్మ బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండవచ్చు, ఒక గది అద్దెకిస్తే అద్దె ఆమెదే, అమ్మే హక్కు మాత్రం లేదు. కాగితం మీద అర్థం ఇంతే. అయితే హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఒకటుంది. భార్యకు మనోవర్తి హక్కు ముందే ఉంది కాబట్టి, ఆ హక్కు కింద ఇచ్చిన ఆస్తి, జీవితాంతం మాత్రమే అని రాసినా, ఆమెకు పూర్తి హక్కుగా మారిపోవచ్చు. 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అదే, ఆ కేసు వెళ్లింది మన తెలుగువాళ్ల ఇంటి నుంచే. ఏ సందర్భంలో ఈ తీర్పు వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు అన్నదాని మీద ఇప్పటికీ కోర్టుల్లో వాదనలు సాగుతున్నాయి. కాబట్టి ఈ వాక్యం విషయంలో ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన చాలదు. తాతయ్య ఉద్దేశం ఏమిటో వకీలు గారికి విప్పి చెప్పి, దానికి తగ్గట్టు రాయించాలి. ఇల్లు పూర్తిగా నాయనమ్మ పేర రాసేసి, ఆమె చేత వేరే వీలునామా రాయించడం ఒక దారి. అలా చేస్తే ఆమె మనసు మార్చుకునే స్వేచ్ఛ కూడా ఆమెదే అవుతుంది. అరవై ఏళ్లు ఆ ఇంట్లో ఊడ్చి, వండి, పెంచిన మనిషికి ఆ స్వేచ్ఛ ఉంటే తప్పేముంది? ఇది నా మాట మాత్రమే, నిర్ణయం తాతయ్యది.

డిపాజిట్ దగ్గర ‘టు మై డిసెండెంట్స్, పర్ స్టర్పీజ్’ అని ఉండి ఉంటుంది. లాటిన్ మాట, కొమ్మల వారీగా అని అర్థం. ఉదాహరణకు డిపాజిట్ 9 లక్షలనుకో. తాతయ్యకు ముగ్గురు పిల్లలు కాబట్టి మూడు కొమ్మలు, కొమ్మకు 3 లక్షలు. బాబాయికి 3, అత్తకు 3, మీ నాన్నగారి కొమ్మకు 3. అది నీకూ తమ్ముడికీ చెరో లక్షన్నర. అదే బాబాయి, అత్త, నువ్వు, తమ్ముడు నలుగురి పేర్లూ రాసి ‘పర్ క్యాపిటా’ అని ఉంటే తలకు ఇంత అని, ఒక్కొక్కరికి 2 లక్షల 25 వేలు. ఈ లెక్క కాగితం మీద వేసి తాతయ్యకు చూపించు. ఇలాంటి చోట లాటిన్ మాట కన్నా ‘మూడు సమాన వాటాలు చేసి’ అని తెలుగులో రాస్తే ఎవరికీ సందేహం ఉండదు.

‘రెస్ట్, రెసిడ్యూ అండ్ రిమైండర్’ మళ్లీ అలాంటి జతే. పేరు పెట్టి రాయగా మిగిలినదంతా అని. ఇది వ్యర్థమైన వాక్యం అనుకుని కొట్టేయించవద్దు. తాతయ్య మరిచిపోయినవి, ఇకముందు ఆయనకు వచ్చేవి, నాయనమ్మ బీరువాలో ఆయన పేర ఉన్న బాండ్లు, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ఈ వాక్యం లేకపోతే ఆ మిగిలినదాని వరకు ఆయన వీలునామా రాయనట్టే లెక్క. అలాగే, పాతపట్నం స్థలాన్ని తాతయ్య తానుండగానే అమ్మేస్తే అత్తకు రాసిన బిక్వెస్ట్ కొట్టుకుపోతుంది. దాన్ని ‘అడెంప్షన్’ అంటారు. స్థలం పోయినా దాని బదులు ఇంత సొమ్ము అని రాయించకపోతే అత్తకు ఏమీ మిగలదు.

‘ఎగ్జిక్యూటర్’గా బాబాయి పేరుంటే భయపడనక్కర్లేదు. ఆయన యజమాని అయిపోడు. అప్పులు తీర్చి, రావలసినవి రాబట్టి, రాసినట్టు పంచే బాధ్యత మాత్రం ఆయనది. కానీ ‘ఎగ్జిక్యూటెడ్ దిస్ విల్’ అన్నప్పుడు అర్థం వేరు. అక్కడ సంతకం చేసి పూర్తి చేయడం అని. ‘అటెస్ట్’ అంటే సాక్షి సంతకం. కనీసం ఇద్దరు ఉండాలి. తాతయ్య సంతకమో వేలిముద్రో వేయడం వాళ్లు చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమే అని ఆయన వాళ్లతో చెప్పి ఉండాలి. తర్వాత వాళ్లు ఆయన ఎదుట సంతకం పెట్టాలి. లోపల ఏముందో సాక్షులకు తెలియాల్సిన పని లేదు. నువ్వు, తమ్ముడు, అత్తా మామయ్యలు సాక్షులుగా వద్దు. రేపు కోర్టులో ఒక సాక్షైనా వచ్చి చెప్పాల్సి ఉంటుంది కాబట్టి తాతయ్య ఈడువాళ్లను కాకుండా, యాభై లోపువాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను చూసుకోండి. చూసే డాక్టరుగారు ఒకరు సాక్షిగా ఉంటే ‘సౌండ్ మైండ్’ అన్న మాటకు బలం వస్తుంది. ‘ఐ రివోక్ ఆల్ మై ఫార్మర్ విల్స్ అండ్ కాడిసిల్స్’ అన్న వాక్యం కూడా ఉండే ఉంటుంది. ఇదివరకు రాసినవన్నీ రద్దు అని. కాడిసిల్ అంటే వీలునామాకు చిన్న సవరణగా తర్వాత జోడించే కాగితం. తాతయ్య గతంలో ఏమైనా రాశారేమో కనుక్కో.

నామినీ సంగతి. నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషి. బ్యాంకు ఆయన చేతిలో పెట్టి తన బాధ్యత తీర్చుకుంటుంది, అంతమాత్రాన సొమ్ము ఆయనది అయిపోదు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. వీలునామాలో మూడు వాటాలని ఉంటే బాబాయి డబ్బు తెచ్చి మూడు వాటాలు చేయాలి. ఇన్సూరెన్స్ పాలసీలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలయితే సొమ్ము వాళ్లకే చెందవచ్చు. తాతయ్యకు ఎల్ఐసీ పాలసీ ఏదైనా ఉంటే విడిగా అడిగి తెలుసుకో. ఇంట్లో మనస్పర్థలు రాకుండా ఉండాలంటే నామినేషన్‌ను కూడా వీలునామాకు తగ్గట్టు మార్పించుకోవడమే సుఖం. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు.

గిఫ్ట్ డీడ్ గురించి బాబాయి చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేననను. చాలామంది అలాగే చేస్తారు. కానీ వీలునామా తాతయ్య పోయాక పనిచేస్తుంది, ఆయన బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, రిజిస్టరై పుచ్చుకున్నవారు ఒప్పుకున్న క్షణం నుంచే ఆస్తి వాళ్లది. ఇచ్చినాయన ‘డోనర్’, పుచ్చుకున్నాయన ‘డోనీ’. మనసు మారిందని వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి ఉండి, చూసుకోకపోతే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు. ఎనభై దాటిన మనిషిని ట్రిబ్యునల్ చుట్టూ తిప్పే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? ఆయన ఆస్తి ఆయన చేతిలో ఉండగా వీలునామాయే మంచిది.

ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్రతో ఇచ్చే ధ్రువీకరణ. భువనేశ్వర్ ఆయన మాట పూర్తిగా గాలి మాట కాదు. 1870 సెప్టెంబరు 1 నుంచి, బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లో హిందువులు రాసిన వీలునామాలకు ప్రొబేట్ ఉండాలన్న నిబంధన చాలాకాలం నడిచింది. కటకం, పూరీ అప్పుడు బెంగాల్ కింద ఉన్నాయి. మీ పర్లాకిమిడి, బరంపురం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయింది 1992లోనే. మద్రాసు నగరం వదిలేస్తే ఆ ప్రెసిడెన్సీ జిల్లాలకు ఆ నిర్బంధం ఎప్పుడూ లేదు. ఉన్నచోట కూడా పార్లమెంటు 2025 చివర్లో సక్సెషన్ యాక్ట్ 213వ సెక్షన్‌ను తొలగించి దాన్ని ఎత్తేసింది. తగాదా వస్తే ప్రొబేట్‌కు వెళ్లవచ్చు, తప్పనిసరి కాదు. ‘సక్సెషన్ సర్టిఫికెట్’ అన్న మాట కూడా ఎవరైనా అంటారు. అది కోర్టు ఇచ్చేది, బ్యాంకు సొమ్ము, షేర్ల లాంటి వాటికి, పొలానికి కాదు. తహసీల్దారు ఇచ్చే ‘లీగల్ ఎయిర్ సర్టిఫికెట్’ ఇంకోటి. వారసులెవరో చెప్పడానికే గానీ వాటాలు తేల్చడానికి పనికిరాదు.

స్కూలు కోసం అడిగినవి కూడా చెబుతాను. ఇచ్చేవాళ్ల వైపు నుంచి మాట్లాడితే ‘లీవ్’, ‘బిక్వీద్’, ‘హ్యాండ్ డౌన్’. పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి ‘ఇన్హెరిట్’. ‘తాత నాకు పొలం రాశాడు’ అనాలంటే ‘గ్రాండ్‌ఫాదర్ లెఫ్ట్ మీ ది ల్యాండ్’. ‘తాత నుంచి నాకు పొలం వచ్చింది’ అయితే ‘ఐ ఇన్హెరిటెడ్ ది ల్యాండ్ ఫ్రమ్ మై గ్రాండ్‌ఫాదర్’. పిల్లలు ‘గ్రాండ్‌ఫాదర్ ఇన్హెరిటెడ్ మీ’ అని రాసేది ఇక్కడే, క్రియ దిశ తారుమారై. మాట్లాడే ఇంగ్లీషులో బిక్వీద్ ఎవరూ అనరు, లీవ్ అంటారు. నాయనమ్మకు ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన కాసులపేరు లాంటిది ‘ఎయిర్‌లూమ్’. అమ్మితే ఎంతొస్తుందన్నది పక్కనపెట్టి తరం నుంచి తరానికి అందే వస్తువు. పేపర్లో ఫలానా నాయకుడి ‘లెగసీ’ అంటే ఆయన వదిలి వెళ్లిన పని, పేరు. పర్లాకిమిడి రాజావారి కోట ‘హెరిటేజ్’. ఒక ఇంటిది కాదు, ఊరందరిదీ. ‘ఎస్టేట్’ మాత్రం మీ ఊళ్లో జాగ్రత్తగా చెప్పాలి. తాతయ్య తరానికి ఎస్టేట్ అంటే జమీందారీ. వీలునామాలో ‘మై ఎస్టేట్’ అంటే ఆయన విడిచిపెట్టే ఆస్తి అప్పులు మొత్తం.

చివరిగా ‘షెడ్యూల్’. కాగితం ఆఖర్న ఆస్తుల వివరం, హద్దులు ఉండే భాగం. దీన్ని అందరూ తేలిగ్గా దాటేస్తారు, తహసీల్ ఆఫీసులో మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒడిశా పొలానికి విస్తీర్ణం ఎకరాలు, డెసిమల్స్‌లో ఉంటుంది, పాతపట్నం స్థలానికి సెంట్లలో. ఎకరానికి రెండూ వందే, డెసిమల్ అన్నా సెంటు అన్నా ఒకటే కొలత. అయినా ఒక ఆస్తిని దాని దస్తావేజులో ఉన్న మాటతోనే రాయించాలి. ఖాతా నంబరు, ప్లాటు నంబరు ఒడియా పట్టా చూసి సరిపోల్చు. ఒడియా అంకెలు తెలుగు అంకెల్లాగే అనిపించి పొరబడే ప్రమాదం ఉంది, నెమ్మదిగా చూడు.

అదే పట్టాలో పేరు ఎవరిదో కూడా చూడు. డ్రాఫ్టులో ‘సెల్ఫ్ అక్వైర్డ్’ అని ఉంటే స్వార్జితం అని, ‘యాన్సెస్ట్రల్’ అంటే పిత్రార్జితం. స్వార్జితమైతే మొత్తం ఆయన ఇష్టం. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమైతే ఆయన వీలునామా రాయగలిగింది అందులో తన వాటా వరకే. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత అలాంటి ఆస్తిలో అత్తకు కూడా పుట్టుకతో బాబాయితో సమాన హక్కు ఉంది. కాశీనగర్ పొలం పట్టా ఇంకా ముత్తాత పేరనే ఉంటే, డ్రాఫ్టులో స్వార్జితం అని రాసినా అది నిలబడకపోవచ్చు. ఈసారి బరంపురం వెళ్లేటప్పుడు ఆ పట్టా నకలు, పాతపట్నం స్థలం దస్తావేజు, బ్యాంకు డిపాజిట్ రసీదు మూడూ తీసుకెళ్లండి. తాతయ్యకు ప్రయాణం కష్టమైతే వకీలు గారినే ఫోన్లో ఆయనతో మాట్లాడమను. మధ్యలో నువ్వు లేకుండా.